రిచ్మండ్ తుపాకీ ర్యాలీ: లైవ్ టీవీయా, మర్నాటి పేపరా?

2020 జనవరి 20న అమెరికాలోని వర్జీనియా రాష్ట్ర రాజధాని రిచ్మండ్‌లో తుపాకీ హక్కుల కోసం సుమారు 22 వేల మంది గుమిగూడారు. ఇలాంటి సభ సంగతి లైవ్‌లో బాగా తెలుస్తుందా, మర్నాటి పేపర్లోనా?

నినాదాలు, జనం ఊపు, పోలీసుల తీరు అప్పటికప్పుడు తెలియాలంటే లైవే చూడాలి. చిక్కల్లా కెమెరా ఎక్కడ నిలబడిందన్న దాంతోనే. గవర్నర్ రాల్ఫ్ నార్తమ్ ఎమర్జెన్సీ ప్రకటించి, క్యాపిటల్ (రాష్ట్ర శాసనసభ భవనం) ఆవరణలో ఆయుధాలను నిషేధించారు. లోపలికి వెళ్లినవాళ్లు మెటల్ డిటెక్టర్లు దాటే వెళ్లారు. కంచె బయటి వీధుల్లో మాత్రం రైఫిల్ భుజాన వేసుకుని తిరిగినా చట్టం అడ్డుచెప్పలేదు. ఫ్రేమ్‌లో కంచె పడకపోతే, సాయుధులు క్యాపిటల్ మెట్లెక్కేశారని చూసేవాళ్లు పొరబడతారు.

పేపర్‌కు దీన్ని విడదీసి చెప్పే తీరిక ఉంటుంది: అధికారుల అంచనా ప్రకారం లోపల దాదాపు 6 వేలు, బయట 16 వేలు. అరెస్టు ఒక్కటే, అదీ ముఖానికి ముసుగు వేసుకున్నందుకు. అంతకుముందు వారంలోనే నియో-నాజీ (హిట్లర్ భావజాలాన్ని నేడూ నమ్మే) ముఠా సభ్యులన్న అనుమానంతో కొందరిని ఎఫ్‌బీఐ పట్టుకోవడంతో గొడవలవుతాయన్న భయం ఉంది కాబట్టి, సభ ప్రశాంతంగా ముగియడమే పెద్ద వార్త.

పేపర్‌కూ లోటుంది. జనం వ్యతిరేకించిన తుపాకీ నియంత్రణ బిల్లుల గతి మర్నాటికి తేలదు. నెలకు ఒకే చేతి తుపాకీ కొనాలన్న చట్టంపై సంతకం ఏప్రిల్‌లో పడింది. అసాల్ట్ ఆయుధాలను (సైనిక తరహా తుపాకులను) నిషేధించే బిల్లు ఫిబ్రవరిలోనే సెనేట్ కమిటీలో ఆగిపోయింది.

ఒక్కటే ఎంచుకోవాలంటే నా ఓటు పేపర్‌కే, అదీ స్థానిక పేపర్‌కు.