గ్లోరియా గేనర్ తొలి ఎల్పీ: తెగని దరువు ఉన్న మొదటి వైపు

డిస్కో సంగీతాన్ని గ్రామఫోన్ రికార్డు మీద వినాలనుకునేవారు దేనితో మొదలుపెట్టాలని అడిగితే, 1975లో ఎంజీఎం సంస్థ విడుదల చేసిన అమెరికన్ గాయని గ్లోరియా గేనర్ తొలి ఎల్పీ (రెండు వైపులా పాటలుండే పెద్ద రికార్డు) ‘నెవర్ కెన్ సే గుడ్‌బై’ పేరే నేను చెబుతాను. ఆమె అనగానే అందరికీ గుర్తుకొచ్చే ‘ఐ విల్ సర్వైవ్’ ఇందులో లేదు. ఆ పాట 1978లో వచ్చింది. ఈ రికార్డు విలువంతా మొదటి వైపునే ఉంది. అక్కడ ‘హనీ బీ’, ‘నెవర్ కెన్ సే గుడ్‌బై’, ‘రీచ్ అవుట్, ఐల్ బీ దేర్’ అనే మూడు పాటలు, మధ్యలో ఎక్కడా నిశ్శబ్దమన్నది లేకుండా, సుమారు 19 నిమిషాల పాటు ఒకే ప్రవాహంగా సాగిపోతాయి. అలా కూర్చినవాడు, నాట్యానికి అనువుగా పాటలను మిక్స్ చేసే టామ్ మౌల్టన్.

మొదటిసారి విన్నప్పుడు నన్ను పట్టి కూర్చోబెట్టింది ‘హనీ బీ’ ముగిసే చోటు. మామూలు ఎల్పీలో అయితే అక్కడ పాట సన్నగిల్లి ఆగిపోతుంది, రెండు మూడు క్షణాలు సూది చిటపటలు తప్ప మరేమీ వినిపించదు, వినేవాడి మనసు ఆ ఖాళీలో ఇంకెటో పోతుంది. ఇక్కడ పాట వెళ్లిపోయినా దరువు వెళ్లదు. గొంతు తప్పుకున్నాక వాద్యాలు ఒక్కొక్కటిగా ముందుకొస్తాయి, వాటి మీదుగానే రెండో పాట అందుకుంటుంది, పాట మారిందని చెవికి తెలిసేలోపే కాలు దాని లయలో పడిపోయి ఉంటుంది. రెండో పాటను జాక్సన్ 5 బృందం 1971లోనూ, మూడో పాటను ఫోర్ టాప్స్ 1966లోనూ పాడారు. జాక్సన్ 5 గొంతులో నెమ్మదిగా, బతిమాలుతున్నట్టుగా సాగిన రెండో పాట ఇక్కడ వేగం పుంజుకుంటుంది. అయినా గేనర్ గొంతులో ఆ బాధ ఎక్కడికీ పోలేదు. వయొలిన్లు పరుగెడుతున్నా ఆమె ప్రతి మాటనూ స్పష్టంగా, తొందరపడకుండా నిలబెట్టి పాడుతుంది. విడిచి వెళ్లలేని మనిషి వేదన ఆడేవాళ్ల కాళ్లలోకి ఎలా దిగుతుందో తెలియాలంటే ఈ ఆరు నిమిషాలు వింటే చాలు.

ఇలా పాటలను కలిపి కుట్టాలన్న ఆలోచన స్టూడియోలో పుట్టింది కాదు. 1970ల తొలినాళ్లలో మౌల్టన్ న్యూయార్క్ దగ్గరి ఫైర్ ఐలాండ్‌కు వెళ్లినప్పుడు, పాట ముగియగానే నాట్యం చేస్తున్నవాళ్లు తడబడి నేల వదిలి వెళ్లిపోవడం గమనించాడు. మూడు నిమిషాల పాట వాళ్లను అప్పుడప్పుడే పైకి లేపి అక్కడే వదిలేస్తోందని అతనికి అర్థమైంది. టేపును కత్తిరించి అతికిస్తూ 80 గంటలు శ్రమించి, 45 నిమిషాల తెగని సంగీతాన్ని తయారుచేసి అక్కడి శాండ్‌పైపర్ క్లబ్‌కు ఇచ్చాడు. ఈ ఎల్పీ మొదటి వైపు ఆ టేపుకు వారసురాలు. అందుకే దీన్ని మూడు పాటలుగా విడగొట్టి వినడం సరికాదని నా గట్టి అభిప్రాయం.

అంతకు ముందే ఆ నేల సిద్ధమై ఉంది. 1970 ఫిబ్రవరి 14న డేవిడ్ మాంకూసో న్యూయార్క్‌లో 647 బ్రాడ్‌వే చిరునామాలో ఉన్న తన నివాసంలోనే ఒక నాట్యపు విందు ఏర్పాటు చేశాడు. తర్వాత ‘ద లాఫ్ట్’ అని పేరుపడిన ఆ చోట మద్యం అమ్మేవారు కాదు, ఆహ్వానం ఉన్నవారే వచ్చేవారు, వచ్చినవారిలో నల్లజాతివారు, లాటినోలు, గే సమాజానికి చెందినవారు ఎందరో ఉండేవారు. బయట కలిసి ఆడడానికి జంకవలసిన మనుషులకు ఆ గది రక్షణ ఇచ్చింది. అక్కడ ఏ రికార్డు మోగాలన్నది రేడియో నిర్ణయించలేదు. కామెరూన్‌కు చెందిన మను దిబాంగో 1972లో చేసిన ‘సోల్ మకోసా’ ఇలాంటి చోట్ల మోగిన తర్వాతే అమెరికాలో పెద్ద సంస్థల కళ్లలో పడింది. రికార్డులు దాచే చోటు అన్న అర్థంలో ఉన్న ఫ్రెంచి మాట ‘డిస్కోతెక్’ నుంచి ఈ సంగీతానికి పేరు రావడంలో న్యాయం ఉంది, ఎందుకంటే అక్కడ కచేరీ చేసింది వాద్యబృందం కాదు, రికార్డే.

దరువు మాత్రం చాలావరకు ఫిలడెల్ఫియా నుంచి వచ్చింది. సిగ్మా సౌండ్ స్టూడియోలో డ్రమ్ములు వాయించిన ఎర్ల్ యంగ్, 1973లో హెరాల్డ్ మెల్విన్ అండ్ ద బ్లూ నోట్స్ పాడిన ‘ద లవ్ ఐ లాస్ట్’లో, నాలుగు మాత్రలకూ పెద్ద డ్రమ్ము మీద సమానంగా దెబ్బ వేస్తూ, హైహ్యాట్ తాళాలను మధ్య మధ్య తెరిచి ‘త్స్’ అనే ఆ ఊపిరి లాంటి చప్పుడును పాట పొడుగునా నిలిపాడు. కింద నడక, పైన ఊపిరి: డిస్కో శరీరం ఇదే. గేనర్ రికార్డు వినేటప్పుడు చెవిని ఆ తాళాల మీద నిలపండి.

అక్కడే ఈ రికార్డులోని నిజమైన లోపం కూడా బయటపడుతుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్పీలో బయటి అంచు దగ్గర సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల గాడి సూది కింద జరిగిపోతుంది. లేబుల్‌కు చేరువయ్యేకొద్దీ ఆ పొడవు సగానికి దగ్గరగా పడిపోతుంది, సన్నని చప్పుళ్లకు చోటు ఇరుకవుతుంది. అందువల్ల ‘హనీ బీ’లో మెరిసిన తాళాలు ‘రీచ్ అవుట్’ చివరికి వచ్చేసరికి కొంత మసకబారి, గొంతులోని ‘స’కారాలు గరుకుగా వినిపిస్తాయి. సన్నని మొన ఉన్న మంచి సూదితో ఈ ఇబ్బంది తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు.

దీనికి జవాబు కూడా మౌల్టన్ చేతిలోనే, అనుకోకుండా దొరికింది. రికార్డు చెక్కే ఇంజనీరు హోసే రోడ్రిగెజ్ దగ్గర ఒకసారి 7 అంగుళాల ఖాళీ పళ్లాలు అయిపోతే, పాటను 10 అంగుళాల దాని మీద చెక్కవలసి వచ్చింది. అంత పెద్ద పళ్లెం మీద గాడులన్నీ ఒక మూలకు నక్కి ఉండడం బాగుండలేదని వాటిని ఎడంగా పరిస్తే, శబ్దం పెద్దదై, బాస్ గుండెను తాకేంత లోతుగా వచ్చింది. ఆ దారిలోనే 12 అంగుళాల సింగిల్ పుట్టింది. డీజేల చేతుల్లోనే తిరిగిన ఆ రూపాన్ని 1976లో సాల్సోల్ సంస్థ, డీజే వాల్టర్ గిబ్బన్స్ కూర్చిన డబుల్ ఎక్స్‌పోజర్ బృందం పాట ‘టెన్ పర్సెంట్’తో దుకాణాల్లోకి తెచ్చింది. శబ్దం ఒక్కటే కొలమానమైతే నేను ఆ 12 అంగుళాల రికార్డుకే ఓటు వేస్తాను. కానీ అందులో ఒక్క పాటే ఉంటుంది. తెగని ప్రయాణం కావాలంటే మళ్లీ ఈ ఎల్పీ దగ్గరికే రావాలి.

రెండో వైపున ఉన్న ఐదు పాటలు విడివిడిగా, మామూలు సోల్ (అమెరికా నల్లజాతివారి పాటల) పద్ధతిలో నడుస్తాయి. గేనర్ గొంతు కోసం ఒకసారి వినవచ్చు. నేను మాత్రం అరుదుగా తిప్పుతాను.

పాత ప్రతి కొనేవారికి ఒక మాట. డిస్కో రికార్డులు ఇళ్లలో కంటే క్లబ్బుల్లో ఎక్కువ కష్టపడ్డాయి. రికార్డును దీపం కింద ఏటవాలుగా పట్టుకుని గీతలు చూడడంతో ఆగకుండా, లేబుల్ మధ్య రంధ్రం చుట్టూ ఇరుసు రాసుకున్న గుర్తులు ఎన్ని ఉన్నాయో చూడండి. అవి ఎక్కువగా ఉంటే ఆ రికార్డు చాలాసార్లు తిరిగిందని అర్థం. వీలైతే మొదటి అర నిమిషాన్ని తప్పకుండా వినండి. పాటను సరైన చోట అందుకోవడానికి డీజేలు రికార్డును ముందుకూ వెనక్కూ కదిపే అలవాటు వల్ల అక్కడి గాడి అరిగి, బుసలాంటి రొద వస్తుంది. దాదాపు కొత్తదేనని చెప్పి ఒక అమ్మకందారు నాకు పంపిన ప్రతిలో సరిగ్గా ఆ రొదే ఉంది. ఎన్నిసార్లు శుభ్రం చేసినా అది పోలేదు. ఆ అర నిమిషం దాటాక మాత్రం గాడి శుభ్రంగా ఉంది కనుక దాన్ని తిప్పి పంపలేదు. మొదటి వైపు చెడకుండా ఉన్న మరో ప్రతి కోసం ఇంకా వెతుకుతున్నాను, అది దొరికేదాకా దీన్నే వింటాను.