వాల్‌నట్ చెక్కతో ఆరేళ్ళు, కావలి నుంచి

వాల్‌నట్ కొనేటప్పుడు పలక రంగు చూసి మోసపోబాకండి, కోసిన కొస చూడండి. ఆరేళ్ళ కిందట ఒక టింబర్ డిపోలో వాల్‌నట్ అని చెప్పి చాక్లెట్ రంగు పలకలు నాకు అంటగట్టారు, ఇంటికి తెచ్చి చిత్రిక పడితే ఒకటే తుమ్ములు, నార అటూ ఇటూ తిరిగి ఉండటంతో పెచ్చులు లేచిపోతావుంది. మా వీధి వడ్రంగి పెద్దాయన ముక్క చేతిలోకి తీసుకుని "అబ్బయ్యా, ఇది దిరిసెన గదా" అన్నాడు. కలప వ్యాపారంలో దిరిసెనని ఈస్ట్ ఇండియన్ వాల్‌నట్ అంటారంట, అసలు వాల్‌నట్ చెక్క ఇచ్చే అక్రోటు చెట్టుకీ దీనికీ చుట్టరికమే లేదు. దిరిసెన మంచి చెక్కే, కానీ నేను డబ్బులు కట్టింది దానికి కాదు, ఇప్పటికీ బాధే.

తర్వాత చెన్నై నుంచి అమెరికన్ బ్లాక్ వాల్‌నట్ తెప్పించా. రెండిటి కొసలూ పదునైన ఉలితో నున్నగా చెక్కి భూతద్దం పెట్టి చూశా. దిరిసెనలో రంధ్రాలు ఎక్కడ చూసినా ఒకే తీరు, ప్రతి రంధ్రం చుట్టూ లేత రంగు మచ్చ. వాల్‌నట్‌లో ఏడాది వలయం మొదట్లో రంధ్రాలు పెద్దవి, పోనుపోను సన్నబడతాయి, చుట్టూ ఆ మచ్చ ఉండదు. రంగు పూసి ఏమైనా చేయొచ్చుగానీ ఈ రంధ్రాల తీరుని మార్చలేరు కదా.

పనికైతే నాకు టేకు కన్నా వాల్‌నటే ఇష్టం. టేకులో సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) ఉండి ఉలి తొందరగా మొద్దుబారుద్ది, దీంట్లో ఆ బాధ లేదు, జిగురు కూడా బాగా పట్టుద్ది. చేవ పక్కన తెల్ల చెక్క మాత్రం తీసేయండి, పురుగు ముందు దాన్నే పడద్ది. పొట్టు పడనోళ్ళు ఉంటారు, మాస్క్ తప్పనిసరి.

దాంతో చేసిన భోజనాల బల్లకి లిన్సీడ్ ఆయిలే పెట్టా, లప్పం పెట్టలేదు. టేకు రోజులు గడిచేకొద్దీ ముదురుద్ది అనుకుంటాం, ఇది వెలుతురుకి తేలికపడుద్ది, కిటికీ వైపు సగం తేనె రంగుకి వచ్చింది, పూలకుండీ కదిపితే కింద పాత ముదురు రంగు గుండ్రంగా కనపడింది. ఒకసారి మా ఆవిడ తడి ఇనప పెనం రాత్రంతా దానిమీదే పెట్టేసింది, తెల్లారేసరికి నీలం నలుపు మరక. చెక్కలోని టానిన్‌కి (వగరు పదార్థానికి) ఇనుము తగిలితే అట్టా అవుద్ది. ఆక్సాలిక్ యాసిడ్ నీళ్ళతో తుడిస్తే పోయింది, ఆ జాగా బాగా కడిగి, ఆరాక మళ్ళీ రెండు కోట్లు నూనె పట్టించా. అదే కారణంతో మేకులు వాడను, ఇత్తడి స్క్రూలే.