గుండమ్మ, బేబీ అవ్వ

కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన బి. నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి 1962లో నిర్మించిన ‘గుండమ్మ కథ’లో ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్నా, సినిమా పేరు మాత్రం సవతి తల్లి పాత్రదే, గయ్యాళితనమూ కూతురిపై వెర్రి మమకారమూ కలిసిన ఆ పాత్ర పోషించిన సూర్యకాంతానికి అప్పటికి నలభై ఏళ్లు నిండలేదు. మా కడపలో నోరున్న అత్తను నేటికీ గుండమ్మ అనే అంటారు.

2019లో నందినీరెడ్డి తీసిన ‘ఓ బేబీ’లో లక్ష్మి పోషించిన అవ్వకు (సీమలో నాయనమ్మను అలాగే పిలుస్తాం) పాడాలన్న తీరని ఆశ ఉంది. అయితే అది తీరేది ఆమె సమంత రూపంలో పడుచుపిల్లగా మారిన తరువాతే కనుక, కథ ముసలామెదైనా తెర యవ్వనానిదే అయింది. పాత్ర మనసు లోతును చూపడంలో ‘ఓ బేబీ’యే మేలు. కానీ ఆఖరివరకు తెరపై నిలిచినది గుండమ్మే.