కడపలో వరాల శిక్షణ: 500 రూపాయల రుసుము, ఆపైన ఒక టోకెను

కడపలో జరిగిన మూడు రోజుల ఆత్మీయ వరాల శిక్షణకు మా క్రైస్తవ సంఘంలోని యువకులను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆత్మీయ వరాలంటే స్వస్థపరచడం, ప్రవచించడం లాంటివి, పరిశుద్ధాత్మ విశ్వాసులకు ఇచ్చే శక్తులు. రుసుము మనిషికి 500 రూపాయలు, భోజనం, పడక అందులోనే. జమ్మలమడుగులో మా సంఘానికి కానుకల లెక్కలు రాసేది నేనే. ఇచ్చిన డబ్బుకు ఏమి ముట్టిందో చూడనిదే నాకు నిద్ర పట్టదు. నిర్వాహకుల పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి శిక్షణకు వెళ్లదలచినవారు ఏమి చూసుకోవాలో తెలుసుకుంటే చాలు.

వసతి గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఫంక్షన్ హాలు శుభ్రంగా ఉంది, ఏడు రోడ్ల కూడలి నుంచి ఆటోలు దొరుకుతాయి. పొద్దున ఉగ్గాని బజ్జి, మధ్యాహ్నం రాగిసంగటి, పప్పు. కారం మన జిల్లా లెక్కనే వేశారు, బయటి నుంచి వచ్చినవారు మజ్జిగ కోసం రెండోసారి వరుసలో నిలబడ్డారు. ఆడవాళ్లకు స్నానపు గదులు సరిపోలేదు. అంతమందిని పిలిచినవారు ఆ మాత్రం ఆలోచించవద్దా?

ఇక అసలు సరుకు, అంటే బోధన. మాది ఇంగ్లీషు మిషనరీల లండన్ మిషన్ కాలం నుంచి వస్తున్న సంఘం. భాషలు మాట్లాడడం (ఆత్మ ప్రేరణతో తమకే తెలియని భాషలో పలకడం), ప్రవచించడం మా ఆరాధనలో వినిపించవు. పిల్లలేమో ఫోనులో పెద్ద పెద్ద కూటాలు చూసి ఇంటికి వచ్చి ప్రశ్నలు వేస్తారు. అందుకే మా పాస్టరు అయ్యగారు వీళ్లను పంపారు. మొదటి రోజు పాఠం చెప్పినావిడ విశ్రాంత ఉపాధ్యాయురాలు. అరుపులు లేవు, కీబోర్డు మోత లేదు. అందరికీ ఒక కాగితం పంచి కూర్చున్నారు.

ఆ కాగితం మీద మూడే ప్రశ్నలు. ఏ వరం కోరుతున్నారు? ఎందుకు? అది మీకు వచ్చిందని ఒక్కరికీ తెలియకపోయినా కోరుతారా? మూడో ప్రశ్న దగ్గర హాలంతా నిశ్శబ్దమైంది.

మాతో వచ్చిన కుర్రాడొకడు స్వస్థత వరం అని రాసి, ఎందుకు అన్నచోట ‘దేవుని మహిమ కొరకు’ అని చకచకా రాసేశాడు. ఆవిడ బల్లల మధ్య తిరుగుతూ వచ్చి, చదివి, "నాయనా, ఈ జవాబు ఇక్కడ అందరూ రాశారు. నువ్వు ఎవరిని చూసి ఈ వరం అడుగుతున్నావో ఆ మనిషి పేరు రాయి" అన్నారు. వాడు కలం మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. చాలాసేపటికి, పక్షవాతంతో మంచాన పడిన మేనత్త పేరు రాశాడు. ఆవిడ మళ్లీ వచ్చి చూసి, "ఆమెను ఆఖరుసారి ఎప్పుడు చూశావు?" అని అడిగారు. ఉగాదికి అన్నాడు. ఆవిడ ఇంకేమీ అనకుండా పక్క బల్లకు వెళ్లిపోయారు. నా 500 రూపాయలు అక్కడే తీరిపోయాయి.

రెండో రోజు కొరింథు సంఘం సంగతి. గ్రీకు పట్టణమైన కొరింథులోని ఆ సంఘానికి రాసిన మొదటి పత్రిక (బైబిలులోనిదే) పన్నెండో అధ్యాయంలో అపొస్తలుడు, అంటే క్రీస్తు పంపిన బోధకుడు, పౌలు తొమ్మిది వరాలు వరుసగా చెబుతాడు. అంతకు ముందే, ఇవి అందరి ప్రయోజనం కోసం ఇచ్చినవని తేల్చేస్తాడు. ఆ అధ్యాయం చివరలో ఉపకారాలు చేసేవారిని, పరిపాలన చూసేవారిని కూడా అదే వరుసలో నిలబెడతాడు. రోమీయులకు రాసిన పత్రిక పన్నెండో అధ్యాయంలోనైతే పంచిపెట్టడం, కరుణించడం కూడా వరాలే. ఆ వరాలు కావాలని మా బల్ల దగ్గర ఒక్కరూ రాయలేదు. లెక్కల పుస్తకం రాసే వరం కోసం ఉపవాసం ఉన్నవారిని నేను ఇంతవరకు చూడలేదు లెండి.

ఒక చెల్లెలు లేచి, "అమ్మగారూ, నా మనసులో కొంచెం పేరు ఆశ కూడా ఉంది, మరి అడగడం మానేయాలా?" అని అడిగింది. ఆవిడ జవాబు నాకు బాగా నచ్చింది. కొరింథువారు ఒకరితో ఒకరు పోటీ పడుతున్నారని తెలిసి కూడా పౌలు వాళ్లను కోరడం మానమనలేదు. ప్రేమ గురించిన పదమూడో అధ్యాయాన్ని మధ్యలో పెట్టాడు. పద్నాలుగులో, మీ ఆసక్తిని సంఘానికి క్షేమాభివృద్ధి కలిగేవైపు తిప్పండని చెప్పాడు. భాషలతో మాట్లాడేవారు ఇద్దరు, మించితే ముగ్గురు, అదీ వంతులవారీగా, అర్థం చెప్పేవారు లేకపోతే సంఘంలో మౌనం. పేరు ఆశ ఉన్నవాడికి ఈ నియమం కష్టంగానే ఉంటుందని, అది పాటిస్తూ అడగమని ఆవిడ చెప్పారు.

ఆ మధ్యాహ్నమే బైబిలులోని అపొస్తలుల కార్యాలు ఎనిమిదో అధ్యాయం. సమరయలో గారడీ చేసే సీమోను. అతడు నమ్మి బాప్తిస్మం తీసుకున్న మనిషి, ఆ సంగతి చాలామంది మరిచిపోతారు. అపొస్తలులు చేతులుంచితే ఆత్మ దిగడం చూసి, అదే అధికారం తనకూ ఇమ్మని డబ్బు తీశాడు. నీ వెండి నీతో నశించుగాక అన్న పేతురే, మారుమనస్సు పొంది ప్రార్థించమని కూడా చెప్పాడు. సీమోనేమో, నా మీదికి ఏ కీడూ రాకుండా మీరే ప్రార్థించండి అన్నాడు. అప్పుడు కూడా అతని దిగులు తన గురించే. దానికి ఎదురుగా ఆవిడ సొలొమోను రాజును నిలబెట్టారు. గిబియోనులో ఏమి కావాలో కోరుకొమ్మని దేవుడు అడిగితే, ప్రజలకు న్యాయం తీర్చడానికి వివేకం ఇమ్మన్నాడు. ఎవరి కోసమో ముందే చెప్పి అడిగాడు.

ఇంత చక్కగా నడిచిన శిక్షణను మూడో రాత్రి చేతులారా పాడుచేశారు. బయటి నుంచి పెద్ద ప్రసంగికుడు వచ్చారు. వేదిక మీద రంగు దీపాలు, మూడు కెమెరాలు. వరం పొందినవారు ముందుకు వచ్చి కెమెరా వైపు తిరిగి సాక్ష్యం చెప్పాలి. మొదటి రోజు తలలు దించుకుని కాగితం నింపినవారే మైకు కోసం తోసుకున్నారు. అందరూ ఒక్కసారే భాషల్లో కేకలు వేస్తుంటే వంతు ఎవరిది, అర్థం చెప్పేది ఎవరు?

అది కూడా సహిస్తాను, యువకుల ఉత్సాహం అనుకుంటాను. గుమ్మం పక్కన బల్ల వేసి, చేతులుంచి చేసే ప్రత్యేక ప్రార్థనకు 300 రూపాయల టోకెను అమ్మారు. సీమోను కథ చెప్పిన హాలులోనే! ఇదేమిటని అడిగితే, "ఖర్చులకు కానుక అక్కా" అన్నాడు బల్ల దగ్గర కూర్చున్న అబ్బాయి. కానుక అయితే పెట్టె పెట్టాలి, ధర పెట్టకూడదు అన్నాను. రసీదు అడిగితే లేదన్నాడు. పాఠం చెప్పినావిడ ఆ రాత్రి కనిపించలేదు.

నిర్వాహకులకు అభిప్రాయాల కాగితంలో ఇవన్నీ రాసి ఇచ్చాను. మొదటి రెండు రోజులకు అయిదింటికి అయిదు మార్కులు, మూడో రాత్రికి సున్నా. కాగితంలోని ఆ మూడు ప్రశ్నలనూ మా అయ్యగారు ఇప్పుడు ఆదివారం యువజన కూటంలో వాడుతున్నారు. మేనత్త పేరు రాసిన కుర్రాడు శనివారాలు ఆమె ఇంటికి వెళ్లి కాళ్లకు నూనె రాసి వస్తున్నాడని వాళ్లమ్మ చెప్పింది. వరం సంగతి ఏమైందని నేనూ అడగలేదు, వాడూ చెప్పలేదు.

వచ్చే ఏడాది కూడా ఇద్దరినో ముగ్గురినో పంపుతాం. మూడో రోజు సంగటి తినగానే జమ్మలమడుగు బస్సు ఎక్కమని చెబుతాం.