చలికాలంలో ఈత కొలను: మూసివేయడం మేలా, నడుపుతూ ఉంచడం మేలా?

చలిగాలి మొదలైందంటే పెరట్లో ఈత కొలను ఉన్నవారంతా అడిగే ప్రశ్న ఒకటే: కొలనును వసంతం దాకా మూసివేయాలా, పంపు నడుపుతూ అలాగే ఉంచాలా? నెలల తరబడి మంచు పేరుకునే చోట మూసివేయక తప్పదు. నీరు ఎన్నడూ గడ్డకట్టని చోట మూసే అవసరమే రాదు. ఏడాదిలో పది పదిహేను రాత్రులు మాత్రమే ఉష్ణోగ్రత సున్నా కిందికి జారే చోటనే ఈ తర్జనభర్జన. అటువంటి చోట నాలుగు శీతాకాలాలు కొలనును నడుపుతూ ఉంచి, నిరుడు మొదటిసారి మూసివేసి చూశాను.

నడిపే పద్ధతిలో సుఖం ఉందన్న మాట నిజమే. కదిలే నీరు అంత త్వరగా గడ్డకట్టదు. గాలి 3, 4 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబడగానే పంపును ఆన్ చేసే సెన్సార్లున్నాయి. చల్లటి నీటిలో నాచు మందగిస్తుంది కనుక క్లోరిన్ కూడా కొద్దిగానే పడుతుంది. అయితే ఉప్పు నుంచి క్లోరిన్ తయారుచేసే యంత్రం చలిలో దాదాపు పని మానేస్తుంది కాబట్టి, ఆ కొద్దిపాటి క్లోరిన్‌ను చేత్తోనే వేసుకోవాలి.

నా దృష్టిలో ఈ ప్రశ్నను తేల్చేది చలి తీవ్రత కాదు, కరెంటు. పంపు ఆగకూడని రాత్రి ఏదో, మంచు బరువుకు కొమ్మలు విరిగి తీగల మీద పడే రాత్రి కూడా తరచుగా అదే అవుతుంది, కరెంటు లేనప్పుడు సెన్సార్ ఎంత మంచిదైనా అది గోడకున్న అలంకారమే. నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ముందుగా బలయ్యేవి నేల మీద ఉన్న పంపు, ఫిల్టరు, హీటరులోని సన్నని రాగి గొట్టాలు. మంచు కరిగి నీరు కారేదాకా ఆ పగుళ్లు బయటపడవు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో రోజుల తరబడి కరెంటు లేనప్పుడు ఎన్నో కొలనుల పంపులు, గొట్టాలు పగిలింది ఇందువల్లనే.

ఇంట్లోనే ఉన్నవారు కరెంటు పోగానే బ్రేకరు ఆపి, పంపుకూ ఫిల్టరుకూ అడుగున ఉండే మర బిరడాలు విప్పి నీరు వదిలేస్తే యంత్రాలు దక్కుతాయి. నేనూ ఒకసారి అర్ధరాత్రి టార్చి నోట కరుచుకుని ఆ పని చేశాను. కొయ్యబారిన వేళ్లలోంచి బొటనవేలంత బిరడా గడ్డిలోకి జారిపడి, తెల్లవారాక గానీ దొరకలేదు. ఆ రోజు ఊళ్లో లేకపోయి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచనే నన్ను మూసివేత వైపు మళ్లించింది.

మూసివేతలో కీలకమైనది కవరు కాదు, గొట్టాల్లో నీరు మిగలకుండా చూడడం. నీటి మట్టం తగ్గించి, ఒక్కొక్క గొట్టంలోకి గాలి ఊదితే, కొలను గోడకున్న రంధ్రం మొదట నీటిని కక్కి, తర్వాత బుడగలు విడుస్తుంది. ఆ బుడగలు వస్తుండగానే బిరడా బిగించాలి, ఆలస్యం చేస్తే నీరు మళ్లీ లోపలికి చేరుతుంది. అనుమానం ఉన్న గొట్టంలో కొలనుల కోసం తయారైన ప్రొపిలీన్ గ్లైకాల్ అనే, గడ్డకట్టకుండా కాపాడే ద్రవం పోయవచ్చు గాని, కార్లలో వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషం, దాని జోలికి పోరాదు. చల్లటి నీరు సిమెంటు పూతలోని కాల్షియాన్ని కరిగించుకుంటుంది కనుక, మూసేముందు కాల్షియం కాఠిన్యం, అంటే నీటిలో కరిగి ఉన్న కాల్షియం మోతాదు, 200 నుంచి 400 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఇన్ని భాగాలు) మధ్య ఉందో లేదో చూసుకోవాలి.

మూసివేతకూ ఒక లోపం ఉంది, అది నా తొందరపాటు వల్ల తెలిసివచ్చింది. నీరు 15 డిగ్రీల కంటే చల్లబడేదాకా ఆగవలసింది, నేను 20 దగ్గరే కవరు కప్పేశాను. వసంతంలో తెరిచి చూస్తే అడుగు కనబడని పచ్చని నీరు. దాన్ని తేటపరచడానికి వారం పట్టింది. అయినా పగిలిన హీటరుతో పోలిస్తే ఆ వారం నాకు లెక్కలోది కాదు.

నీరంతా తోడేయడం అనే మూడో దారి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఖాళీ కొలనును భూగర్భజలం కిందినుంచి పైకి నెట్టగలదు, వినైల్ పొర ఉంటే అది ముడుచుకుపోతుంది. కవరు విషయానికొస్తే, జల్లెడ వంటిదైతే వాన నీరు దిగిపోతుంది కాని సన్నటి మట్టి, వెలుతురు లోపలికి చేరతాయి. గట్టిదైతే పైన నిలిచే నీటిని తోడుతూ ఉండాలి.

జనరేటరు ఉండి, శీతాకాలమంతా ఇల్లు కదలనివారు నిశ్చింతగా నడుపుకోవచ్చు. నా కొలనులో ఈ ఉదయం థర్మామీటరు 17 చూపింది. బిరడాలు లెక్కపెట్టి పంపు బుట్టలో వేసి ఉంచాను, కవరు మాత్రం ఇంకా మడత విప్పలేదు.