ఈతలో పోటీ బాటా, మాస్టర్స్ బాటా?

భారత ఈత సమాఖ్య సబ్ జూనియర్, జూనియర్, సీనియర్ పోటీలతోపాటు (ఇదే పోటీ బాట) పెద్దవాళ్ల కోసం మాస్టర్స్ పోటీలూ పెడుతుంది. ఎటు వెళ్లాలి?

వయసు: మాస్టర్స్ 25 ఏళ్ల నుంచి, ఐదేళ్లకో గ్రూపు. పోటీ బాటకు బడి వయసులోనే దిగాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈదిన ధినిధి దేశింఘుకు అప్పుడు 14 ఏళ్లే!

శ్రమ: పోటీ అంటే తెల్లారకముందే కొలను, బడి, సాయంత్రం మళ్లీ కొలను. ఇంటిల్లిపాదీ ఆ టైమ్‌టేబుల్‌కే బతకాలి. మాస్టర్స్‌కి వారానికి మూడు రోజులైనా సరే.

ఖర్చు: కోచింగు, ప్రయాణాలు కలిపి పోటీకే ఎక్కువ.

రిస్క్: ఇంత చేసినా ఒలింపిక్ బెర్త్ అరుదు. ధినిధి, శ్రీహరి నటరాజ్ పారిస్‌కి వెళ్లిందీ యూనివర్సాలిటీ కోటాలోనే (నేరుగా అర్హత సాధించిన ఈతగాళ్లు లేని దేశాలకిచ్చే చోటు). మాస్టర్స్‌లో భుజం నొప్పి రావచ్చు గానీ టెన్షన్ తక్కువ.

ఒడ్డుకు రాగానే "టైమింగ్ ఎంత?" అని అడిగే పిల్లలకు పోటీ. ఆఫీసు కుర్చీకి నడుం అప్పగించినవాళ్లకు మాస్టర్స్.