ఆఖరి ఎనిమిది సెకన్లలో వేలం పాట: తొమ్మిదేళ్లు వాడాక చెబుతున్న మాట

మాది పర్లాకిమిడి. ఉన్నది ఒడిశాలోనే అయినా ఇంట్లో తెలుగే, బజార్లో కూడా చాలావరకు తెలుగే, పక్కనే పాతపట్నం. వంశధార ఒడ్డున ముఖలింగం గుడికి చిన్నప్పుడు ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు, ఒకప్పుడు కళింగను ఏలిన గంగరాజుల కబుర్లు అక్కడ వినే పెరిగాను. అందుకే పాత నాణేల పిచ్చి పట్టినప్పుడు మొదట వెతికింది ఆ తూర్పు గంగుల ఫణాలనే, అంటే చిన్న చిన్న బంగారు నాణేలనే. నాలాంటి వాడికి అవి ఆన్‌లైన్ వేలాల్లో తప్ప దొరకవు. 2016 నుంచి వేలం పాడుతున్నాను. మొదట ఈబే ఇండియాలో, అది 2018 ఆగస్టులో మూతపడ్డాక వేరే సైట్లలో.

ఈబేలో పాట ఎలా నడుస్తుందో ముందు చెప్పాలి, చాలామంది ఇక్కడే పొరబడతారు. మీరు ఇవ్వగలిగిన గరిష్ఠ ధర వేస్తారు, 5,000 అనుకోండి. అది ఎవరికీ కనిపించదు. రెండో మనిషి ఎంతవరకు వచ్చాడో దానికి ఒక్క మెట్టు (సైట్ పెట్టిన కనీస పెంపు) పైన మాత్రమే మీ పాట నిలబడుతుంది. అతను 2,100 దగ్గర ఆగిపోతే మీకు 2,100 పైన ఒక మెట్టుకే వచ్చేస్తుంది. మరి అలాంటప్పుడు నాలుగు రోజుల ముందు వేసినా, ఆఖర్న వేసినా ఒకటే కదా అని నేనూ అనుకున్నాను.

ఒకటి కాదని ఒక ఫణం పోగొట్టుకున్నాక తెలిసింది. అమ్మేవాడు దాన్ని ఉత్త 'దక్షిణ భారత ఫణం' అని పెట్టాడు, ఫోటో మసక. పెద్దది చేసి చూస్తే పడుకున్న నంది, రెండో వైపు 'స' అక్షరం, దాని దగ్గర రాజు ఏలుబడి సంవత్సరం అంకె. చొక్కా గుండీ కన్నా చిన్న నాణెం, బరువు అర గ్రాము లోపే, కానీ ఆ అంకె అంత స్పష్టంగా పడింది నేను అంతకుముందు చూడలేదు. ఉండబట్టలేక అప్పటికప్పుడే 1,800 వేసేశాను. మర్నాటికి ముగ్గురు వచ్చి చేరారు, చివరికి ఆరు వేలు దాటిపోయింది. ఆ లాట్‌ని (వేలానికి పెట్టిన సరుకుని) అంతవరకు ఎవరూ పట్టించుకోలేదు, దాంట్లో ఏదో ఉందని అందరికీ చెప్పింది నా పాటే.

పాతపట్నంలో ఉండే మా బావ అప్పట్లో అడిగాడు, "ఏటి బావా, ఆఖర్న ఏస్తే ఒరిగేదేటి? ముందే ఏసీసి పడుకోవచ్చు కదా" అని. సంతలో మేకపోతు నచ్చిందని ముందే మొహంలో చూపించేస్తే బేరం కుదురుతుందా బావా అన్నాను. నాణేల్లో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే ఒక లాట్ విలువ తెలిసినవాళ్లు తక్కువ, ఆ తెలిసినవాళ్లు దేని వెనక పడుతున్నారో గమనించేవాళ్లు ఎక్కువ. ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2002లో దీని మీద ఒక పరిశోధన పత్రం వేశారు. ఈబేలో కంప్యూటర్ల వేలాల కన్నా పాత వస్తువుల వేలాల్లోనే ఆఖరి నిమిషం పాటలు ఎక్కువని అందులో తేల్చారు. చదివినప్పుడు నా ఫణమే గుర్తొచ్చింది.

ఇక అసలు పద్ధతి. గరిష్ఠ ధర ముందు రోజే కాగితం మీద రాసుకుంటాను, సైట్ కమిషన్, దాని మీద పన్ను, కొరియర్ అన్నీ లెక్కేసుకుని. నేను కొనే చోట ఇవన్నీ కలిపితే పాట ధరకి దాదాపు పావు వంతు తోడవుతుంది, కాబట్టి చేతిలో 6,000 ఉంటే పాట 4,800 దగ్గర ఆపేయాలి. గుండ్రటి అంకె ఎప్పుడూ వెయ్యను. ఇద్దరూ 5,000 వేస్తే ముందు వేసినవాడిదే నాణెం, ఆఖర్న వేసే మనకి అది నష్టం, అందుకే సైట్ ఒప్పుకున్న చోట 5,117 లాంటివి వేస్తాను. అంకె టైప్ చేసి, రెండో కన్ఫర్మ్ బటన్ తెర మీదకి తెచ్చుకుని, ఎనిమిది సెకన్లు ఉండగా నొక్కుతాను. ఒక్క సెకను దాకా ఆగేవాళ్లు ఉన్నారు, నా అనుభవంలో అది ఒట్టి తెగింపు. పేజీలో కనిపించే గడియారం సర్వర్ గడియారం కన్నా వెనకబడి ఉండొచ్చు, పైగా మా ఊళ్లో ఫోన్ కాసేపు ఒడిశా టవర్, కాసేపు ఆంధ్రా టవర్ పట్టుకుంటుంది. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి వెండి నాణెం, రాజు బొమ్మ ఉన్నది, అలాగే పోయింది. ఇరవై సెకన్లు ఉండగా సైట్ దానంతటదే లాగవుట్ అయింది, మళ్లీ లాగిన్‌కి ఓటీపీ అడిగింది, అది వచ్చేసరికి వేలం అయిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను అనుకున్న ధరలో సగానికే ఎవరికో వెళ్లింది. అప్పటి నుంచి పావుగంట ముందే లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అవుతాను, వానాకాలంలో ఫోన్ నిండా చార్జింగ్ పెట్టుకుంటాను.

మన తరఫున ఆఖరి సెకన్లో పాట వేసిపెట్టే సర్వీసులు ఉన్నాయి కానీ కొన్నింటికి మన పాస్‌వర్డ్ ఇవ్వాలి. నాకు ఇష్టం లేదు, వాడలేదు.

ఇదంతా ముగింపు సమయం కదలని చోట మాత్రమే. ఆఖరి నిమిషాల్లో పాట పడితే సమయం దానంతటదే పొడిగించే సైట్లలో ఈ విద్య ఎందుకూ పనికిరాదు. నేను తెలియక అలాంటి చోట ఒకసారి ఎనిమిది సెకన్లకి వేశాను, గడియారం మళ్లీ మొదటికి వెళ్లింది, అవతలివాడు పెంచాడు, నేను పెంచాను, అలా అర్ధరాత్రి దాటింది, టెన్షన్‌లో కాగితం మీద రాసుకున్న ధర కూడా దాటేశాను. శాతవాహనుల పోటిన్ (రాగి, తగరం, సీసం కలిపిన లోహం) నాణేలు, ఏనుగు, ఉజ్జయిని గుర్తు (శిలువ కొసలకి నాలుగు గుండ్రాలు) ఉన్నవి, కొన్ని వందల్లో దొరికేవి, వాటికి రెట్టింపు పెట్టాను. ఇప్పుడు అలాంటి సైట్లలో గరిష్ఠ ధర ఒక్కసారే వేసి ఫోన్ పక్కన పెట్టేస్తున్నాను. కొత్త సైట్‌లో చేరితే ముందు ఈ ఒక్క నిబంధన వెతకండి.

ఇంకో సంగతి. ఆఖర్న పాడతాం కాబట్టి పరిశీలన కూడా ఆఖర్నే అనుకోవద్దు. బరువు ఎంత, అంచు ఫోటో ఉందా, ఎవరి సేకరణ నుంచి వచ్చింది, ఇవన్నీ నాలుగు రోజుల ముందే ప్రైవేట్‌గా మెసేజ్ పెట్టి అడగాలి. నకిలీ ఫణాలు చాలానే తిరుగుతున్నాయి. మా చుట్టుపక్కల ఊళ్లలో పొలం దున్నుతుంటే దొరికిందని నేరుగా తెచ్చి చూపించేవాళ్లూ ఉన్నారు, నేను ముట్టుకోను. పది రూపాయల విలువ దాటిన నిధి భూమిలో దొరికితే కలెక్టర్‌కి తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువే, దాని వ్యాపారానికి లైసెన్స్ కావాలి, మామూలు మనుషులు దేశం దాటించకూడదు. నాకు వీటి మీద గౌరవం ఉంది, ఎందుకంటే మట్టిలోంచి చప్పుడు లేకుండా తీసేసిన నాణెం ఎక్కడిదో, దేనితో కలిసి దొరికిందో ఇంక ఎవరికీ తెలియదు.

తొమ్మిదేళ్లలో ఈ పద్ధతిలో పదకొండు ఫణాలు తెచ్చుకున్నాను. మొన్న వచ్చినదాన్ని కవర్ విప్పగానే వీధి చివర కంసాలి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పట్టకారుతో త్రాసులో పెట్టి, 0.38 గ్రాములు అని చదివి, నా భూతద్దం అడిగి తీసుకుని నందిని చాలాసేపు చూశాడు. అమ్మినవాడు రాసింది కూడా 0.38. దాన్ని తెచ్చి మిగతా పదింటి పక్కన పెట్టాను.